భీమమ్మ చేసిన రొట్టె

కోడి తెగింది మైసమ్మ గుట్ట మీద. ఈకలు మాత్రం చర్చిలో ఎగిరాయి.

పోయిన వారం మనం చర్చి మెట్ల మీద ఆగిపోయాం. అక్కడి నుంచే ఎత్తుకుందాం. ఆదివారం ఆరాధనలో పాస్టరు దేవదానం ఇద్దరు యజమానులకు ఒక్క మనిషి సేవ చేయలేడన్న అంశం మీద ప్రసంగించాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. మన మధ్యనే ఉన్న ఒక సహోదరి, బాప్తిస్మం తీసుకున్న సహోదరి, కొంగు కింద కోడిని దాచుకొని గుట్టెక్కిందని మాత్రం అన్నాడు. పేరు చెప్పకపోతే ఎవరికీ దెబ్బ తగలదని ప్రసంగాలు చేసేవాళ్లు అనుకుంటారు. ఎవరింటి కోడి ఎవరి గంప కింద పడుకుంటుందో అందరికీ తెలిసిన ఊళ్లో పేరుతో పనేముంది? ఆడవాళ్ల వైపున్న తలలన్నీ ఒక్కసారిగా భీమమ్మ వైపు తిరిగాయి. ఆమె తల దించలేదు, లేచి పోనూ లేదు. చివరి ప్రార్థనకు అందరితో పాటు ఆమెన్ అని బయటికొచ్చి చెప్పులేసుకుంది. సంఘ పెద్ద బాలస్వామి ఆమెను మెట్ల మీద ఆపి, "శనివారం సిద్ధపాటు కూడికకు రా. సంగతి ఆడ తేలుస్తం" అన్నాడు.

ఆ శనివారం రానే వచ్చింది.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. దానికి ముందురోజు పెద్దలు కూర్చొని, ఎవరు ఎవరితో తగాదా పడ్డారు, ఎవరు తాగి ఇంటికొచ్చారు, ఎవరు ఎక్కడ దండం పెట్టారు అని విచారిస్తారు. సర్దుకున్నవాళ్లకు మర్నాడు బల్ల దగ్గర చోటుంటుంది. సర్దుకోనివాళ్లు గడప బయట, చెప్పుల దగ్గర కూర్చోవాలి. తిమ్మాజిపేట చుట్టుపక్కల అన్ని సంఘాల్లోనూ ఇలాగే చేస్తారని కాదు గానీ, ఈ ఊళ్లో మాత్రం బాలస్వామి తండ్రి కాలం నుంచీ ఇదే పద్ధతి.

దేవదానానికి ఆ మధ్యాహ్నం కూర్చునే ఓపిక కూడా లేదు. ఆ ఏడు కూడా వానలు ముఖం చాటేశాయి. సంఘంలో సగం మంది పుణె, బొంబాయి పనులకు వెళ్లిపోయారు. ముసలివాళ్లు, పిల్లలు, బాలింతలు మిగిలారు. ఆయన మాత్రం తన కింద ఉన్న మూడు ఊళ్లకూ అదే పాత టీవీఎస్ మీద తిరుగుతున్నాడు. పొద్దున నమ్మి చెప్పిన వాక్యం మధ్యాహ్నం రెండో ఊరికి చేరేసరికి అలవాటు మాటగా మారేది. సాయంత్రం మూడో ఊళ్లో తన గొంతు తనకే ఎవరిదో అనిపించేది. ఇన్నాళ్లకు ఒక దారి కనిపించింది. ఈ ప్రాంతపు సంఘాలన్నింటినీ చూసుకునే పెద్దయ్యగారు వనపర్తి నుంచి రేపు వస్తున్నారు. దేవదానానికి పేరు తెచ్చిన ప్రసంగాన్ని స్వయంగా వినడానికి వస్తున్నారు. నచ్చితే వనపర్తి చర్చికి బదిలీ. ఒకే ఊరు, ఒకే ఆరాధన, ఇంటి ముందు నల్లా, వీధి చివర దవాఖాన.

ఆ ప్రసంగం పేరు 'మంచం మోసిన నలుగురు'. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, జనం దారి ఇవ్వకపోతే కప్పు విప్పి యేసు ముందు దింపిన కథ అది. దేవదానం దానికి తన బిడ్డ గ్రేసి కథ కలిపాడు. రెండేళ్ల కింద గ్రేసికి మెదడువాపు వచ్చి, పాలమూరు దవాఖానలో బతుకుతుందో లేదో తెలియని స్థితిలో పడుంది. తండ్రి చర్చిలో నేల మీద పడి ఉపవాస ప్రార్థన చేశాడు. పిల్ల లేచింది. మంచానికి నాలుగు మూలలు పట్టుకున్నవాళ్లుగా తండ్రి ప్రార్థనను, తల్లి కన్నీళ్లను, పెద్దల ఉపవాసాన్ని, సంఘం విశ్వాసాన్ని ఆయన ఒక్కొక్కటిగా చెబుతుంటే రాయి లాంటివాడికి కూడా కళ్లు చెమర్చేవి.

కూడికలో బాలస్వామి నేరుగా విషయానికొచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. నియమం తప్పితే ఇల్లు కూలిపోతుందని నమ్మేవాడు, అంతే.

"గుట్టకు పోయినవా?"

"పోయిన" అంది భీమమ్మ.

"కోడిని కోసినవా?"

"కొయ్యకుంట ముద్దువెట్టుకొని తెస్తనా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బాలస్వామి ముఖం ముడుచుకుంది. "ఎవరి మొక్కు? నీ కొడుకు పుణెల మంచిగున్నడు. నీ బిడ్డ అత్తగారింట్ల మంచిగున్నది. ఎవరికి ఆపదొచ్చిందని పోయినవ్?"

"మొక్కు మొక్కే. ఎవరిదైతేంది?"

అలా అంటూ భీమమ్మ ఒక్కసారి ఆడవాళ్ల వైపు చూసింది. అక్కడ దేవదానం భార్య సుగుణ కూర్చొని ఉంది. సుగుణ వెంటనే చాప మీదికి చూపు దించుకుంది. దేవదానం అది చూశాడు. చూసి కూడా, తొందరగా ముగించి ఇంటికి పోవాలన్న ఆత్రంలో వదిలేశాడు.

"భీమమ్మా, తప్పయిందని ఒక్క మాట అను. ప్రార్థన చేస్కొని ముగిస్తం. రేపు అందరితోటి బల్ల కాడికి రావచ్చు" అన్నాడు.

"లోపల అనుకోకున్నా నోటితోటి అంటే సరిపోతదా అయ్యా?"

ఎండాకాలంలో సరిగ్గా ఈ మాట మీదే దేవదానం ఒక ప్రసంగం చేసి ఉన్నాడు. జనం వినరు వినరని వాపోతాం గానీ, వినేవాళ్లు వింటూనే ఉంటారు.

తీర్పు అయిపోయింది. తప్పు ఒప్పుకొనేదాకా భీమమ్మ బల్ల దగ్గరికి రాకూడదు. ఇంకో మాట కూడా బాలస్వామే గుర్తు చేశాడు. బల్ల మీది రొట్టె ఎన్నో ఏళ్లుగా భీమమ్మే చేస్తోంది. ఉప్పు లేకుండా, పెనం మీద, అంచులు ఒక్క రవ్వ మాడేలా. "రొట్టె గూడ ఇగ ఆమె చెయ్యొద్దు. అమ్మగారు చేస్తది" అన్నాడు సుగుణ వైపు చూపిస్తూ.

భీమమ్మ లేచింది. నడుము దగ్గర చెక్కుకున్న తెల్లగుడ్డ తీసింది. ప్రతి నెలా రొట్టెలు చుట్టి తెచ్చే గుడ్డ అది. ఉతికి, మడతపెట్టి ఉంది. దాన్ని బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది.

దేవదానం ఆ గుడ్డ తీసుకొని ఇంటికొచ్చేసరికి సుగుణ పొయ్యి మీద కిస్మిస్ ఉడికిస్తోంది. ద్రాక్షరసం ఎప్పుడూ ఆమె వంతే. గ్రేసి పక్కింటి పిల్లలతో ఆడుకోవడానికి వెళ్లింది.

"రేపటి రొట్టెలు నువ్వే చెయ్యాలె సుగుణా" అన్నాడు, గుడ్డ గూట్లో పెడుతూ.

"నేను చెయ్య."

"ఒంట్ల మంచిగ లేదా?"

"ఒళ్లు మంచిగనే ఉన్నది. చేతులే మంచిగ లేవు."

ఆయన విసుక్కున్నాడు. పెద్దయ్యగారు వచ్చే రోజున ఈ పంతాలేమిటన్నాడు. ఒక్క రోజు ఓపిక పడితే ఈ ఊరి గోల అంతా వదిలిపోతుందన్నాడు. సుగుణ మంట తగ్గించి, గిన్నె మీద మూత పెట్టి, ఆయన వైపు తిరిగింది.

"పోయినైతారం మీరు ఆ కోడి ఎవరిదో తెల్వక ప్రసంగం చెప్పిన్రు. నేను తెలిసి కూసొని విన్న."

"ఎవరిది?"

"నాది."

దేవదానానికి మొదట ఆ మాట చెవి దాకా వచ్చి లోపలికి పోలేదు. సుగుణ ఆగలేదు. ఇన్నాళ్లూ గొంతులో పెట్టుకున్న మాట, ఆగితే మళ్లీ రాదనుకుందేమో.

"గ్రేసిని తీస్కపోయిన నాడు బస్సు రాకపాయె. యాదికున్నదా? పిల్లను భుజం మీదేసుకొని రోడ్డు దాక నడిచింది భీమమ్మనే. దవాఖానల నా ఎంట ఉన్నది గూడ ఆమెనే. మీరు ఈడ చర్చిల ఉపాసముంటిరి. చేసేదంత చేస్తున్నం, ఇగ చూడాలెనని డాక్టరమ్మ చెప్పి పాయె. నేను ప్రార్థన చేసిన. మోకాళ్లు మొద్దుబారే దాక చేసిన. ఆఖరుకు నోట్లె మాటనే రాలె. అప్పుడు భీమమ్మ చేతులు పట్టుకున్న. మీ మైసమ్మకు మొక్కు, నేను పాస్టరు భార్యను, నేను మొక్కలేను, నా దిక్కెల్లి నువ్వు మొక్కుమన్న."

"ఆమె మొక్కిందా?"

"వద్దన్నది! ఆ గుట్టను ఇడిసిపెట్టి శాన ఏండ్లయిందమ్మా, మల్ల ఎక్కియ్యకు నన్ను అన్నది. నేను కాళ్లు పట్టుకున్న. అప్పుడు పిల్ల లేస్తె కోడిని కోస్తనని గౌను అంచుకు రూపాయి బిళ్ల ముడుపు కట్టింది. తెల్లారి గ్రేసి కండ్లు తెరిచి నీళ్లు అడిగింది. ఎవరు కాపాడిన్రో నాకు తెల్వదు. నేను అడగలె. పిల్ల నీళ్లు అడిగింది, నాకు గది చాలు."

"నాకు చెప్పకపోతివి."

"ఎట్ల చెప్పాలె? ప్రార్థనతోనే పిల్ల లేచిందని మీరు తెల్లారే సాక్ష్యం మొదలువెట్టిన్రు."

కోపం రావాలి కదా. వచ్చింది కూడా. కానీ నిలబడలేదు. కోపానికైనా కాస్త ఓపిక ఉండాలి. దేవదానం గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. ఎన్ని ఊళ్లలో చెప్పాడు ఆ ప్రసంగం! ఎన్ని మందిరాల్లో ఆ నాలుగు మూలలూ పట్టి చూపించాడు! పిల్లను నిజంగా భుజాన మోసిన మనిషి ఈ ఊళ్లో చెప్పిన ప్రతిసారీ ఆడవాళ్ల వరుసలో కూర్చొని వింటూ ఉంది. ఒక్కసారైనా ఆమె పేరు తన నోటికి రాలేదు. తనకు సిగ్గేసింది. ఆ సిగ్గు మొక్కు గురించి కాదని ఆయనకు తెలుసు.

"రెండేండ్లు ఊకున్నది కద. ఇప్పుడెందుకు తీర్చింది?"

"మొక్కు తీర్చకుంటె పిల్లకే తగుల్తదని ఆమె భయం. మనం వనపర్తికి పోతమేమోనని, పిల్ల ఊరు దాటకముందే తీర్చింది." సుగుణ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను పోయినైతారమే లేచి చెప్పాలె. చెప్పలె. బోరింగు కాడ నీళ్లకు నిలబడి నిలబడి పానం ఇసిగింది. దవాఖాన దగ్గరుండే ఊరికి పోతే చాలనుకున్న. భీమమ్మ బయటపెట్టదని నాకెరుక. ఎరికుండే నోరు మూస్కున్న."

పొద్దు గుంకే వేళకు దేవదానం భీమమ్మ ఇంటికి పోయాడు. ఆమె గడపలో కూర్చొని జొన్నలు చెరుగుతోంది. ఆయన ముఖం చూసి చేట పక్కన పెట్టింది.

"అమ్మగారు చెప్పినట్టున్నది" అంది.

"రేపు సంఘం ముందర నేను చెప్తా భీమమ్మా."

"చెప్పి ఏం చేస్తవ్? అమ్మగారిని గూడ చెప్పుల కాడ కూసోబెడ్తవా? వనపర్తి పాయె, పిల్ల సదువు పాయె. వద్దయ్యా. నేను కూసుంట. బయట కూసునుడు మనకు కొత్తనా? మా నాయిన జమానల హోటల్ బయట చాయ్ తాగినం, పంచాయతి బయట నిలబడ్డం. గడప కాడికెల్లి గూడ వాక్యం మంచిగనే ఇనొస్తది."

మనకు అంది, మాకు అనలేదు. దేవదానం తండ్రి కూడా అదే హోటల్ బయట నిలబడ్డవాడే.

"నీ పేరు నేను ఎన్నడూ చెప్పలె ప్రసంగంల" అన్నాడు.

"ఆ నలుగురి పేర్లు యాడ రాయలేదని చెప్తవ్ గద నువ్వు? మోసినోళ్ల పేర్లు లేవు, మోసిన సంగతే ఉన్నదని. గది నాకు మంచిగనిపిస్తది. రేపు గూడ గదే చెప్పు." భీమమ్మ లేచి లోపలికి పోయి, ఉతికిన తువ్వాలలో చుట్టిన రొట్టెలు తెచ్చింది. "పొద్దుగాలనే చేసిన. వాళ్లు వద్దన్నరని బువ్వ పారేస్తమా? అమ్మగారు చేసిందని చెప్పు. జర జల్ది పో, పిల్ల సూస్తుంటది."

ఆయన రొట్టెలు తీసుకున్నాడు. వద్దనే ఓపిక లేదు.

ఆదివారం పెద్దయ్యగారు కారు దిగి, తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చున్నారు. మెల్లగా మాట్లాడే మనిషి, ముఖంలో దయ ఉంది. ఆడవాళ్లు ఇంట్లో పొయ్యి ముట్టించిన ప్రతిసారీ పక్కకు తీసిపెట్టిన పిడికెడు బియ్యం సంచుల్లో తెచ్చి బల్ల ముందు గంపలో పోశారు. కరువు ఏడు కదా, గంప సగం కూడా నిండలేదు. భీమమ్మ తన బియ్యాన్ని ఒక పిల్లతో లోపలికి పంపి, గడప బయట చెప్పుల పక్కన కూర్చుంది. దేవదానం నిలబడిన చోటి నుంచి ఆమె మోకాళ్లు, ఒడిలో పెట్టుకున్న చేతులు కనిపిస్తున్నాయి.

దేవదానం ప్రసంగం చెప్పాడు. రాత్రంతా చెప్పననుకున్నాడు, పొద్దున నోరు తెరిస్తే అదే వచ్చింది. అలవాటైన ఎద్దుకు దారి చూపించనక్కర్లేదు. తండ్రి ప్రార్థన, తల్లి కన్నీళ్లు, పెద్దల ఉపవాసం. నాలుగో మూల దగ్గరికొచ్చాడు. "నాలుగో మనిషి..." అని ఆగాడు. జనం కన్నీళ్లు ఆపుకుంటున్నాడనుకున్నారు. ముందు వరుసలో ఒకామె ఏడ్చింది. పెద్దయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వనపర్తి ఖాయమైపోయిందని ఆ కళ్లజోడే చెప్పింది. దేవదానానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇక మిగిలింది బల్ల. తెల్లగుడ్డ తీశాడు. పళ్లెంలో రొట్టెలు పల్చగా, అంచులు రవ్వంత మాడి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. విరవాలి. విరిచి, అందరి కోసం అని చెప్పాలి. అందరి కోసం అన్న మాట ఆ నోటితో ఎలా అనాలో తెలియలేదు.

ఆ నిశ్శబ్దంలో బాలస్వామి పెద్దయ్యగారి వైపు వంగి, మెచ్చుకోలుగా అన్నాడు. "రొట్టె మా అమ్మగారు చేసింది. ఎంత మంచిగ చేసిందో చూడుండ్రి."

ఆ మాట సుగుణ విన్నది. ఆడవాళ్ల వరుసలోంచి లేచింది. బల్ల దగ్గరికి వస్తుందనుకొని ముందున్నవాళ్లు పక్కకు ఒదిగి దారి ఇచ్చారు. ఆమె అటు రాలేదు. చాపల మధ్యనుంచి నడిచి, గడప దాటి, చెప్పులు పక్కకు జరిపి, భీమమ్మ పక్కన కూర్చుంది.

"లోపలికి పో అమ్మా" అన్న భీమమ్మ గొంతు అందరికీ వినబడింది. "నీకు దండం పెడ్త, పో."

సుగుణ కదల్లేదు.

పెద్దయ్యగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "దేవదానం, మీ భార్య బయట ఎందుకు కూర్చుంది? ఆ పక్కనున్న ఆమె ఎవరు?" అని అడిగారు. గద్దించి అడగలేదు. తెలుసుకోవాలనే అడిగారు.

"నాలుగో మనిషి, అయ్యగారూ" అన్నాడు దేవదానం. "ఈ రొట్టె చేసింది గూడ ఆమెనే."

అనేసరికి, ఎన్నాళ్లుగానో మోస్తున్న అలసటలో కొంత దిగిపోయినట్టయింది. అంతా కాదు. మిగతాది చెప్పుకోవాల్సే ఉంది, అది ఎంత బరువో కూడా తెలుసు. విరవని రొట్టెను పళ్లెంలో పెట్టి, పళ్లెం రెండు చేతులతో పట్టుకొని, బల్ల వెనకనుంచి బయటికొచ్చి గడప వైపు నడిచాడు.

బాలస్వామి ఆయన కంటే ముందే గడప చేరాడు. రెండు చేతులూ దర్వాజాకు అడ్డంగా పెట్టి నిలబడ్డాడు.

"అయ్యగారూ, మా నాయిన కట్టిన గుడి ఇది. బల్ల మీది రొట్టె ఇన్నేండ్లల ఎన్నడూ గడప దాటలె" అన్నాడు. "ఆ పళ్లెం దాటిందంటే, మీరు మల్ల లోపలికి రారు."

దేవదానం ఆయన భుజం మీదుగా బయటికి చూశాడు. తన చెప్పులు కూడా అక్కడే, భీమమ్మ పక్కనే ఉన్నాయి.